పాత డై-కాస్ట్ కారుకు కొత్త రంగు: ఏ కారుకు ఏ పద్ధతి నప్పుతుంది?

పాత డై-కాస్ట్ (అచ్చులో కరిగిన లోహం పోసి చేసిన) బొమ్మ కారు చేతికి రాగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న, పెయింట్ దేనితో ఊడదీయాలి అని. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది, అసలు ఊడదీయాలా వద్దా అన్నది. ఫ్యాక్టరీ రంగు ఒకసారి పోతే ఇక రాదు. ఊడదీయాలని నిర్ణయించుకున్నాక కూడా, ఏ మందు త్వరగా పనిచేస్తుంది అన్నది చివరి ప్రశ్నే. రంగు కింద ఉన్న లోహం ఏ స్థితిలో ఉంది, దాని పక్కన ఏ ప్లాస్టిక్ ఉంది అన్నవే పద్ధతిని నిర్ణయిస్తాయి.

## ముందు చూడాల్సినవి

లోహం. ఈ కార్ల బాడీ ఇనుము కాదు, జమాక్ అనే జింక్ మిశ్రమం. అందులో సుమారు 4 శాతం అల్యూమినియం, కొంచెం మెగ్నీషియం, కొన్ని రకాల్లో రాగి ఉంటాయి. బ్రిటన్‌లో దీన్నే మజాక్ అంటారు. జింక్‌కు ఒక గుణం ఉంది. అది ఆమ్లంతోనూ చర్య జరుపుతుంది, క్షారంతోనూ జరుపుతుంది. ఇనుప సామానుకు వాడే తుప్పు మందులు, గాఢమైన క్లీనర్లు ఇక్కడ పనికిరాకపోవడానికి కారణం ఇదే.

జింక్ పెస్ట్. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన కార్లలో, ముఖ్యంగా 1930ల నాటి డింకీ టాయ్స్‌లో, ఈ జబ్బు ఎక్కువ. పోతపోసేటప్పుడు జింక్‌లో సీసం లాంటి మలినాలు కలిస్తే, ఏళ్లు గడిచేకొద్దీ లోహపు రేణువుల సందుల వెంట లోపలి నుంచే అది తినుకుపోతుంది. తేమ తగిలితే ఇంకా వేగంగా పాడవుతుంది. బాడీ మీద వలలా సన్నని పగుళ్లు, చాసిస్ వంకరపోవడం, చక్రాలు ఉబ్బడం, అంచులు బిస్కెట్‌లా విరగడం దీని గుర్తులు. దీనికి మందు లేదు. పైపైన జిగురు పూసినా, ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) కొట్టినా లోపలి చర్య ఆగదు. అలాంటి కారును నీళ్లలో నానబెట్టకండి, ఊడదీయకండి, డ్రిల్ పెట్టకండి. పొడిగా ఉండే చోట, ఉష్ణోగ్రత పెద్దగా మారని చోట అలాగే ఉంచండి. ఆ తర్వాతి కాలపు కార్ల మీద కనిపించే తెల్లటి పొడి ఇది కాదు. అది పైన పట్టిన జింక్ తుప్పు, బ్రష్‌తో పోతుంది. లోహంలోకి దిగిన పగులు ఉందా లేదా అన్నదే తేడా. పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద తలుపు గీతల దగ్గర, చక్రాల పైవంపుల దగ్గర చూస్తే తెలిసిపోతుంది.

పాత రంగు ఏ రకం. డింకీ వంటి పాత కార్లకు ఓవెన్‌లో కాల్చిన ఎనామెల్ వేసేవాళ్లు, చాలా గట్టిది. 1968లో వచ్చిన తొలి హాట్ వీల్స్ కార్లకు మెరిసే లోహం మీద పారదర్శకమైన రంగు లాకర్ (ద్రావకం ఆవిరై త్వరగా ఆరే పూత) వేశారు. దాని పేరు స్పెక్ట్రాఫ్లేమ్. ఈ రెండిటికీ పద్ధతులు వేరు. మధ్యలో ఎవరో బ్రష్‌తో పూసిన హాబీ పెయింట్ ఉంటే అది మూడో రకం, దాని సంగతి కింద చెబుతాను.

సీసం. పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి పొడి సాండింగ్ వద్దే వద్దు. గీకాల్సి వస్తే తడిపి గీకండి. గ్లౌజులు వేసుకోండి. ఊడిన పెచ్చులను సింక్‌లో వదలకుండా కాగితంలో పోగుచేసి విడిగా పారేయండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే పని జరిగే బల్ల వంటగదికి దూరంగా ఉండాలి.

## ఎంతవరకు బాగుచేయాలి?

శుభ్రం చేయడం ఒక్కటే. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి టూత్‌బ్రష్ చాలు. కారును నీళ్లలో ముంచి వదిలేయకండి. ఇరుసులు ఉక్కువి, లోపల తేమ నిలిస్తే తుప్పు పడతాయి. కడిగాక తలకిందులుగా పెట్టి, హెయిర్ డ్రైయర్‌ను చల్లగాలిలో పెట్టి ఆరబెట్టండి. అసలు రంగు సుమారు 70 శాతం మిగిలి ఉంటే, కారు కొంచెం అరుదైనదైతే ఇక్కడే ఆగిపోవడం మంచిది. సేకరించేవాళ్లు చెక్కు లేచిన అసలు రంగుకే, నిగనిగలాడే కొత్త రంగు కన్నా ఎక్కువ విలువ కడతారు.

చెక్కులు పూడ్చడం. మధ్యేమార్గంలా కనిపిస్తుంది కానీ మూడింటిలోనూ కష్టమైనది ఇదే. పాత రంగు ఎండకు వెలిసిపోయి ఉంటుంది, కాబట్టి డబ్బా మీద పేరు అదే అయినా కొత్త రంగు కలవదు. బేస్ ప్లేట్ (కారు అడుగు పలక) కింద వెలుగు తగలని చోట ఉన్న రంగుతో సరిపోల్చి కలుపుకుంటే పైభాగంలో ముదురుగా తేలుతుంది. అందుకే పైకప్పు రంగుతోనే పోల్చుకోండి. బాగుచేసిన ముక్క రెండడుగుల దూరం నుంచి కనబడకపోతే చాలు, అంతకు మించి ఆశించకండి.

మొత్తం ఊడదీసి కొత్తగా వేయడం. సగానికి పైగా రంగు పోయినవి, ఎవరో ఇష్టమొచ్చినట్టు పూసినవి, మార్కెట్లో మామూలుగా దొరికే నమూనాలు దీనికి సరైనవి. మొదటిసారి చేసేవాళ్లు ఒకే మోడల్‌వి రెండు మూడు పాడైన కార్లు తీసుకుంటే, ఒకదాని చక్రాలు, ఇంకొకదాని అద్దాలు కలిపి ఒక మంచి కారు చేసుకోవచ్చు.

## విప్పడం: రివెట్ల దగ్గర తొందరపడితే

ఊడదీసే ముందు అద్దాలు, సీట్లు, టైర్లు అన్నీ బయటికి రావాలి. బేస్ ప్లేట్‌ను పట్టి ఉంచేది బాడీతో కలిపి పోతపోసిన స్తంభం. దాని తల నొక్కి రివెట్ చేసి ఉంటారు. ముందు సెంటర్ పంచ్‌తో తల నడుమ చుక్క పెట్టండి. ఇది మానేస్తే డ్రిల్ బిట్ జారి బేస్ మీద అక్షరాల్ని గీకేస్తుంది. తర్వాత 1.6 మి.మీ. బిట్‌తో 5 మి.మీ. లోతు రంధ్రం వేయండి. ఆ పైన రివెట్ తలకు సరిపోయే 4 లేదా 5 మి.మీ. బిట్‌తో మెల్లగా తల మాత్రం తొలిచేయండి. తల ఊడిన క్షణం చూస్తేనే తెలుస్తుంది. సన్నటి ఉంగరంలా బిట్‌కు తగులుకుని దానితోపాటు తిరగడం మొదలుపెడుతుంది. అక్కడ ఆపేయాలి. ఇంకో అర మిల్లీమీటరు దిగినా స్తంభం పొట్టిదైపోయి, తిరిగి బిగించినప్పుడు బేస్ వదులుగా ఊగుతుంది.

వేగం తక్కువగా ఉండాలి. జింక్ మెత్తన, వేడెక్కితే బిట్ గాడుల్లో ఇరుక్కుపోతుంది. ఒక చుక్క నూనె వేసి, మధ్యమధ్య బిట్ బయటికి తీసి తుడుస్తూ ఉండండి.

తిరిగి బిగించడానికి రెండు దారులు. ముందే వేసిన 1.6 మి.మీ. రంధ్రంలో ఎం2 ట్యాప్ (2 మి.మీ. స్క్రూకు మరలు కోసే పనిముట్టు) తిప్పి మరలు చేసి ఎం2 స్క్రూ పెట్టడం ఒకటి, ఎపాక్సీతో అంటించడం రెండోది. స్క్రూయే మేలు. మళ్లీ విప్పవలసి వస్తే విప్పుకోవచ్చు. స్తంభం విరిగిపోయిన కారుకు మాత్రం ఎపాక్సీ తప్పదు.

## రంగు ఊడదీయడం

| పద్ధతి | దేనికి బాగా పనిచేస్తుంది | సమయం | లోహానికి ప్రమాదం | ప్లాస్టిక్‌కు ప్రమాదం |
|---|---|---|---|---|
| జెల్ స్ట్రిప్పర్, బెంజైల్ ఆల్కహాల్ రకం | చాలా రకాలకు, కాల్చిన ఎనామెల్‌కు కూడా | కొన్ని గంటలు | తక్కువ | ఉంది |
| అసిటోన్ | లాకర్లు, కారు మీద ముద్రించిన గుర్తులు | కొన్ని నిమిషాల నుంచి ఒక రాత్రి | లేదు | చాలా ఎక్కువ |
| కాస్టిక్ సోడా | పాత నూనె ఆధారిత ఎనామెల్ | 10–30 నిమిషాలు | ఎక్కువ | రకాన్ని బట్టి |
| ఐసోప్రొపైల్ ఆల్కహాల్ | హాబీ యాక్రిలిక్ పూత | ఒక రాత్రి | లేదు | తక్కువ |
| బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో పొడి చిమ్మడం) | మొండి పూత, పెద్ద సైజు కార్లు | కొన్ని నిమిషాలు | చిన్న కార్లకు ఎక్కువ | విప్పకుండా కుదరదు |

జెల్ స్ట్రిప్పర్ చాలామందికి సరైన సమాధానం. ఇందులో రెండు జాతులున్నాయి. పాత రకంలో మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది. పది నిమిషాల్లో రంగు పొక్కిపోతుంది, కానీ దాని ఆవిరి ప్రాణం తీయగలదు, మామూలు రబ్బరు గ్లౌజుల గుండా కూడా దిగుతుంది. అమెరికాలో 2019 నుంచి మామూలు వినియోగదారులకు పెయింట్ ఊడదీయడానికి దాన్ని అమ్మడం నిషేధం. ఇంట్లో పనికి బెంజైల్ ఆల్కహాల్ రకమే వాడండి. ఆలస్యమవుతుంది, అంతే.

దళసరిగా పూసి, మూత ఉన్న గాజు సీసాలో పెట్టండి లేదా పాలిథిన్ కాగితంలో చుట్టండి. జెల్ ఆరిపోతే పని ఆగిపోతుంది. రంగు ముడతలు పడ్డాక టూత్‌బ్రష్‌తో తోమి, మూలల్లో మిగిలినదానికి రెండోసారి పూయండి. గట్టి ఉక్కు బ్రష్ వద్దు, ఇత్తడి బ్రష్ చాలు. ఇక్కడ ఎక్కువమంది దెబ్బతినేది తర్వాతి కడుగుడు దగ్గర. జెల్‌ను ఆరిపోనివ్వకుండా ఉంచే మైనం లాంటి పదార్థం తలుపు గీతల్లో, గ్రిల్ సందుల్లో ఉండిపోతుంది. పైకి కనబడదు. ప్రైమర్ కొట్టాక ఆ గీత వెంబడి చేపకళ్లలా గుంటలు పడతాయి. సబ్బు నీళ్లతో రెండుసార్లు తోమి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరోసారి తుడవాలి.

అసిటోన్ లోహాన్ని ముట్టుకోదు, ఎండిపోతే ఏమీ మిగలదు. తొలి హాట్ వీల్స్ లాకర్‌కు ఇదే సరైనది. కాల్చిన ఎనామెల్ మీద మాత్రం రాత్రంతా నానబెట్టినా కొంచెం మెత్తబడి ఊరుకోవచ్చు. సీట్లకు, డాష్‌బోర్డుకు వాడే పాలిస్టైరీన్, ఏబీఎస్ దానిలో కరిగిపోతాయి. పారదర్శకమైన అద్దాలు తెల్లబడతాయి. ఆవిరికి నిప్పంటుకునే గుణం ఎక్కువ, కాబట్టి గాజు సీసా, బిగుతైన మూత, పొయ్యికి దూరం.

కాస్టిక్ సోడా చవకగా దొరుకుతుంది, నూనె ఆధారిత ఎనామెల్‌ను సబ్బుగా మార్చి వదిలిస్తుంది. పాత కారుకు ఇది వేసి చూస్తే రంగు పొరలు పొరలుగా తేలి రావడం ముచ్చటగా ఉంటుంది. ఆ పక్కనే రంగు పోయిన చోట బుడగలు లేవడం కూడా కనిపిస్తుంది. ఆ బుడగ హైడ్రోజన్, అంటే సోడా ఇప్పుడు లోహాన్నే తింటోంది. అరగంట మరిచిపోతే బాడీ నల్లబడి గరుకుగా తయారవుతుంది, సన్నటి అక్షరాల అంచులు మొద్దుబారతాయి. వాడక తప్పదనుకుంటే లీటరు చల్లటి నీళ్లకు 50 గ్రాములు మించకండి. సోడాను నీళ్లలో వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. అల్యూమినియం గిన్నె వద్దు. రక్షణ కళ్లద్దాలు, పొడవు గ్లౌజులు తప్పనిసరి. ఐదు నిమిషాలకోసారి తీసి చూడండి, రంగు లేవగానే పారే నీటి కింద బాగా తోమండి. పెద్ద సంఖ్యలో పనికిమాలిన బాడీలు ఊడదీసేవాళ్లకు ఇది నప్పుతుంది. ఒక్క మంచి కారు మీద ప్రయోగించడానికి కాదు.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గురించి తక్కువమందికి తెలిసిన ఉపయోగం ఒకటి ఉంది. ఎవరో పైపైన హాబీ యాక్రిలిక్ పూసిన కారు దొరికితే, కింద ఫ్యాక్టరీ ఎనామెల్ బతికే ఉండొచ్చు. 99 శాతం ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి, బేస్ దగ్గర ఒక మూల ఐదు నిమిషాలు ఒత్తి చూడండి. పైపూత మెత్తబడి కింద గట్టి రంగు అలాగే నిలిస్తే, రాత్రంతా నానబెట్టి మెత్తటి బ్రష్‌తో తీసేయవచ్చు. అప్పుడు కొత్త రంగు అవసరమే రాదు. అందుకే పూత మార్చిన కారు ఏదైనా సరే, జెల్ తెరవకముందు ఈ పరీక్ష చేయండి.

బ్లాస్టింగ్‌లో ఇసుక, అల్యూమినియం ఆక్సైడ్ లాంటివి మెత్తటి జింక్‌ను గుంటలు చేస్తాయి. బేకింగ్ సోడా పొడితో తక్కువ ఒత్తిడిలో పర్వాలేదు, 1:18 (అసలు కారులో పద్దెనిమిదో వంతు) లాంటి పెద్ద స్కేల్‌కు. 1:64 కార్లకు వద్దు. బ్రేక్ ఫ్లూయిడ్ కూడా రంగు ఊడదీస్తుంది గానీ సందుల్లో జిడ్డు వదిలి, పై ప్రైమర్‌ను పాడుచేస్తుంది. జెల్ దొరికే చోట దాని జోలికి పోనక్కర్లేదు.

ఏ పద్ధతైనా, ఊడదీశాక 400, తర్వాత 600 గ్రిట్ సాండ్‌పేపర్‌తో తడి సాండింగ్ చేసి, అదే రోజు ప్రైమర్ వేయండి. బయటపడిన జింక్ మీద గాలికే సన్నటి పొర కడుతుంది, వేలిముద్రలు కూడా మచ్చలుగా పడతాయి.

## కొత్త రంగు: స్ప్రే డబ్బా, ఎయిర్‌బ్రష్, కుంచె

స్ప్రే డబ్బా ఒంటి రంగు కార్లకు, 1:43 అంతకన్నా పెద్దవాటికి పూర్తిగా సరిపోతుంది. డబ్బాను 40 డిగ్రీల లోపు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచి, రెండు నిమిషాలు ఊపండి. లోపలి ఒత్తిడి పెరిగి తుంపర సన్నగా పడుతుంది. అంతకు మించిన వేడి ప్రమాదం. 20–25 సెం.మీ. దూరం నుంచి, కారు బయట మొదలుపెట్టి కారు దాటాక ఆపాలి. బాడీ మీదే మీట వదిలితే అక్కడ రంగు కారిపోతుంది. మొదటి పూత పొగమంచులా చల్లి, పది నిమిషాల తర్వాత రెండోది, మూడోది.

దీని బలహీనత దళసరితనం. 1:64 కారు తలుపు గీత అర మిల్లీమీటరు కూడా ఉండదు. ప్రైమర్, మూడు పూతలు, క్లియర్ కోట్ (రంగులేని పైపూత) పడేసరికి అది పూడిపోతుంది. దూరం ఎక్కువైతే తుంపర గాలిలోనే ఆరి గరుకుగా పడుతుంది, తక్కువైతే కారుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు లాకర్ పాలిపోయి తెల్లబడుతుంది. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి తేమను పట్టేస్తుంది, అందుకే. వాన రోజు వేయకపోవడమే దానికి మందు.

ఎయిర్‌బ్రష్ చిన్న స్కేల్‌కు, రెండు మూడు రంగులకు, లోహపు మెరుపు రంగులకు. 0.3 మి.మీ. నాజిల్, 15–20 పీఎస్ఐ గాలి ఒత్తిడి, 8–10 సెం.మీ. దూరం అనువైన మొదలు. పాలంత పలచగా థిన్నర్ కలపాలి. చిక్కగా ఉంటే సాలెగూడులా పీచులు పడతాయి, మరీ పలచనైతే అంచుల నుంచి రంగు జారిపోతుంది. కంప్రెసర్‌కు తేమ పట్టే ఫిల్టర్ ఉండాలి, లేకపోతే మధ్యలో నీటి చుక్క ఉమ్ముతుంది. ఖర్చు, నేర్చుకునే కాలం, ప్రతి రంగు తర్వాత సూది విప్పి కడగడం ఇవన్నీ ఉన్నాయి. ఏడాదికి రెండు మూడు కార్లు చేసేవాళ్లకు ఇది భారమే.

కుంచె బాడీకి వద్దు. బంపర్లు, లైట్లు, గ్రిల్, బేస్ అంచులకు ఇదే కావాలి. ఎనామెల్ మెల్లగా ఆరుతుంది కాబట్టి కుంచె గీతలు తమంతట తామే సమమవుతాయి, యాక్రిలిక్‌లో గీతలు అలాగే నిలుస్తాయి. క్రోమ్ బంపర్‌కు ఏ వెండి రంగూ సరిపోదు. అతికించుకునే లోహపు రేకు లేదా క్రోమ్ మార్కర్ వాడండి.

మూడింటికీ ఒకే నియమం ఒకటి ఉంది. ఎనామెల్ మీద లాకర్ వేయకండి. లాకర్‌లోని బలమైన థిన్నర్ కింది పూతను ముడతలు పెడుతుంది. లాకర్ మీద ఎనామెల్ వేసుకోవచ్చు. త్వరగా ఆరాలని ఓవెన్‌లో కూడా పెట్టకండి. పోతలో చిక్కుకున్న గాలి బుడగలు వేడికి వ్యాకోచించి, బాడీ మీద పొక్కులు లేపుతాయి.

స్పెక్ట్రాఫ్లేమ్ తరహా రంగు కోరుకునేవాళ్లకు దారి పూర్తిగా వేరు. ప్రైమర్ ఉండదు, లోహమే అడుగు రంగు. కాబట్టి కాస్టిక్ సోడా వద్దే వద్దు, అది మిగిల్చే నలుపు మొత్తం పైకి కనబడుతుంది. 600, 1000, 1500, 2000 వరుసలో సాండింగ్ చేసి, మెటల్ పాలిష్‌తో అద్దంలా రుద్ది, సబ్బుతో, ఆ పైన అసిటోన్‌తో కడిగి, ఆ తర్వాత చేత్తో ముట్టుకోకుండా ఎయిర్‌బ్రష్‌తో పారదర్శక రంగు వేయాలి. ఇక్కడ పూత దళసరిని బట్టి ఛాయ మారుతుంది, డబ్బాతో సమంగా పడటం చాలా కష్టం.

## మీకు ఏది?

మొదటి కారు అయితే బెంజైల్ ఆల్కహాల్ జెల్, ఎం2 స్క్రూలు, 1:43 కారు, ఒంటి రంగు స్ప్రే డబ్బా. గాలి ఆడని ఇంట్లో ఉండేవాళ్లు ఊడదీసే పని బాల్కనీలోకి మార్చుకోండి. అది కుదరకపోతే శుభ్రం చేసి చెక్కులు పూడ్చడంతో ఆగండి, లాకర్ డబ్బా ఇంట్లో కొట్టకండి. 1:64 కార్లు నెలకు నాలుగైదు చేసేవాళ్లకు ఎయిర్‌బ్రష్ ఖర్చు గిట్టుబాటవుతుంది. యుద్ధానికి ముందరి కారు ఉన్నవాళ్లు ముందు భూతద్దం పట్టుకోండి. పిల్లలు ఆడుకోవడానికి ఇవ్వాలనుకుంటే పాత కారును ఎంచుకోవద్దు. ఎంత బాగా ఊడదీసినా సందుల్లో పాత పెయింట్ లేదని చెప్పలేం.

తిరిగి బిగించేటప్పుడు అద్దాలకు సూపర్‌గ్లూ వాడకండి. దాని ఆవిరి లోపలి వైపు తెల్లటి పొరలా పట్టేస్తుంది, పాలిష్ చేయడానికి చేయి అందదు. తెల్ల పీవీఏ జిగురు రెండు చుక్కలు చాలు, ఎండితే పారదర్శకంగా ఉంటుంది.

అమ్మే ఉద్దేశం ఉంటే, బేస్ ప్లేట్ లోపలి వైపు రంగు మార్చిన నెల, సంవత్సరం శాశ్వత మార్కర్‌తో రాసి బిగించండి. విప్పిన ప్రతివాళ్లకూ కనబడుతుంది. కొనేవాళ్లకు కూడా ముందే చెప్పండి. స్క్రూ తల చూసి తెలుసుకుంటారులే అనుకోవద్దు, కొత్తవాళ్లకు అసలు రివెట్ ఎలా ఉంటుందో తెలియదు.